ముల్లును తడిమే కత్తి

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్‌ రాంనగర్‌ చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి సందుండదు. మామూలు ఆదివారాల్లోనూ రద్దీకి తక్కువేమీ ఉండదు. బేరం తేలి, తూకం అయ్యాక చేప కోసేవాళ్ల చేతికి వెళ్తుంది. పొలుసు రాలుతుంది, మొప్పలు ఊడొస్తాయి, కడుపు చీలి పేగులు బయటపడతాయి. అప్పుడు వినిపిస్తుంది ఆ మాట: ‘‘ముక్కలు కొట్టాలా, బోన్‌లెస్‌ చెయ్యాలా?’’

ముక్కలైతే చిటికెలో పని. చెక్క మొద్దు మీద పెట్టి బరువైన కత్తితో అడ్డంగా కొట్టుకుంటూ పోతే ముల్లుతో సహా తెగుతుంది. బోన్‌లెస్‌ అనేసరికి పని తీరే మారిపోతుంది. ఇప్పుడు కత్తి ముల్లును తెంచకూడదు, దాన్ని తడుముకుంటూ పోవాలి. తల వెనక మొదలై తోక దాకా వెన్నుముల్లును ఆనుకునే నడవాలి. కాస్త పైకి జరిగితే మాంసం ముల్లుకే ఉండిపోతుంది. కాస్త కిందికి దిగితే ముల్లు తెగి ముక్కలో కలిసిపోతుంది. ఈ ఒక్క పని కోసం తయారైన సన్నటి, పొడవాటి, వంగే కత్తే ఫిల్లెట్‌ కత్తి.

తెలుగు వంటింట్లోకి ఇది ఈమధ్యే అడుగుపెట్టింది. పులుసు తినే ఇంట్లో ముల్లు తియ్యాలన్న ఆలోచనే రాదు. పులుసుకు చిక్కదనం, రుచి సగం ఆ ముల్లు నుంచీ తలకాయ నుంచీ వచ్చేవే. కానీ హోటల్లో అపోలో ఫిష్‌ రుచి మరిగిన పిల్లలు ఇంట్లోనూ అదే కావాలంటున్నారు. పళ్లు ఊడిన తాతయ్యకూ, అప్పుడప్పుడే అన్నం తింటున్న పసివాడికీ ముల్లు లేని ముక్క పెడితే వడ్డించే చేతికి బెంగ ఉండదు. అలా కత్తి కొనాలన్న ఆలోచన మొదలవుతుంది. ఆన్‌లైన్‌ అంగడి తెరిస్తే వందల కత్తులు. కొందరు మెరుపు చూసి కొంటారు, కొందరు కంపెనీ పేరు చూసి, ఇంకొందరు ధర ఎక్కువైతే మంచిదేనన్న నమ్మకంతో. చూడాల్సింది వాటిని కాదు. కోసేది ఏ చేపను, పట్టుకునేది ఎలాంటి చేతితో అన్నవే ఈ కత్తి మంచిచెడ్డలు తేలుస్తాయి.

ముందు చేప సంగతి

దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో ఎక్కువగా పెరిగేవి శీలావతి, బొచ్చె. రెండూ కార్ప్‌ జాతివే. వీటి కండలో వెన్నుముల్లుతో సంబంధం లేకుండా, ఇంగ్లిష్‌ ‘వై’ అక్షరం ఆకారంలో సన్నని ముళ్లు విడివిడిగా దాగి ఉంటాయి. ఎంత ఖరీదైన ఫిల్లెట్‌ కత్తయినా, ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా వెన్నుముల్లునూ పక్క ముళ్లనూ వేరు చెయ్యగలరు గానీ వీటిని కాదు. పులసదీ ఇదే కథ. దాన్ని నిలువునా ఒలిచి బోన్‌లెస్‌ చేద్దామన్న ఆలోచన గోదావరి జిల్లాల్లో ఎవరికీ రాదు, రాకూడదు కూడా.

శీలావతికి మన పెద్దలు పెట్టిన పద్ధతే సరైనది. అడ్డంగా ముక్కలు కోసి వండి, చేత్తో తింటూ వేళ్లతో ముల్లు ఏరుకోవడం. వేపుడుకైతే కోసేవాళ్లు చేప పక్కల మీద దగ్గర దగ్గరగా గాట్లు పెడతారు. సన్నముళ్లు పొట్టిపొట్టిగా తెగి నూనెలో కరకరలాడిపోతాయి. ఈ ముళ్ల బెడద ఎంతటిదంటే, చైనా శాస్త్రవేత్తలు జన్యువులనే సవరించి అవి లేని కార్ప్‌ చేపలను పెంచి చూపించారు. అవి మన చెరువుల్లోకి వచ్చేదాకా, శీలావతి తప్ప మరో చేప వండని ఇంటికి ఫిల్లెట్‌ కత్తి దండగ. ఆ డబ్బుతో మంచి కత్తిపీట కొనుక్కోవడం మేలు.

ఈ కత్తికి తగిన చేపలు వేరే ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొరమీను వాటిలో మొదటిది. పండుగప్ప, వంజరం, చందువ, తిలాపియా, పంగాసియస్‌ ఆ తర్వాత వస్తాయి. వీటిలో ఆ దాగుడు ముళ్ల బాధ లేదు. వెన్నుముల్లు, కడుపు చుట్టూ పక్క ముళ్లు, కొన్నింటికి తల వెనక నుంచి కండ మధ్యలో ఓ వరుస సన్నముళ్లు. అంతే. ఆ చివరి వరుసను వేలి కొసతో తడిమి, పట్టకారుతో తల వైపుకు వాల్చి లాగితే వచ్చేస్తాయి.

అయితే ఈ చేపలన్నిటికీ ఒకే కత్తి సరిపోతుందనుకుంటే పొరపాటే. కొరమీను ఒళ్లు గుండ్రంగా, కర్రలా ఉంటుంది. తోలు మందం. ఒళ్లంతా జిగురు. దీనికి వెడల్పు తక్కువగా ఉండి, 7 అంగుళాల పొడవుతో ఓ మోస్తరుగా వంగే కత్తి కావాలి. చందువ పళ్లెంలా పలచన. దాని ముల్లు మీద మాంసం తక్కువ, ముల్లు మెత్తన. 6 అంగుళాల పలచటి కత్తి, బాగా వంగేది, కొస వాడిగా ఉన్నది తీసుకుంటే ముల్లు గీరుకోకుండా మాంసం పొరలా వస్తుంది. చిన్న తిలాపియాకూ అదే చాలు. అదే కత్తిని 5 కిలోల వంజరం మీదకు తీసుకెళ్తే మధ్యలోనే దారి తప్పుతుంది. మాంసం బరువుకు కత్తి వంకర పోయి, ముక్క ఒకచోట మందంగా, ఒకచోట పలచగా వస్తుంది. పెద్ద పండుగప్పకూ వంజరానికీ 9 అంగుళాలది, అంతగా వంగనిది ఉండాలి. ఇంట్లో ఒకే కత్తి పెట్టుకోవాలంటే? కిలో నుంచి రెండు కిలోల చేపలు వండే మన కుటుంబాలకు 7 అంగుళాలది, మధ్యరకంగా వంగేది అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

తలకాయ చీల్చడానికి మాత్రం దీన్ని వాడకూడదు. వెన్నుముల్లు నరకడానికి అసలే వాడకూడదు. ఒక్క దెబ్బకు అంచు మడత పడుతుంది, లేదా పెచ్చు లేస్తుంది. ఆ పని కత్తిపీటది. కాలితో పీటను తొక్కిపట్టి, రెండు చేతులా చేపను పట్టుకుని నిలబడ్డ కత్తి మీదకు తోసే ఆ పద్ధతిలో ఉన్న బలం, అదుపు మరే కత్తికీ రావు. ఫిల్లెట్‌ కత్తి వచ్చింది కదా అని కత్తిపీటను అటక ఎక్కించే ఇల్లు రెండింటినీ పోగొట్టుకుంటుంది.

వంగడంలో ఉన్న లెక్క

ఈ కత్తి వంగడం ఎందుకన్నది తోలు తీసేటప్పుడు బాగా తెలుస్తుంది. ముల్లు తీసిన ముక్కను తోలు కిందికి వచ్చేలా చెక్క మీద పరుస్తారు. తోక వైపు కొసలో చిన్న గాటు పెట్టి, తోలు చివరను ఎడమచేతి వేళ్లతో గట్టిగా పట్టుకుంటారు. కత్తి అంచును తోలుకూ మాంసానికీ మధ్యకు పోనిచ్చి, దాదాపు చెక్కకు ఆనించి, తోలును అటూ ఇటూ ఆడిస్తూ లాగుతారు. కదిలేది ఎక్కువగా తోలే, కత్తి కాదు. ఇక్కడే చిక్కు. కత్తి చెక్కకు అంటుకుని పడుకోవాలి, పిడి పట్టుకున్న పిడికిలి మాత్రం చెక్కకు పైన ఉండాలి. గట్టి కత్తి అయితే రెండూ కుదరవు. వంగే కత్తి మధ్యలో ఒంగి, పిడికిలికి చోటిచ్చి, అంచును మాత్రం చెక్కకు సమాంతరంగా ఉంచుతుంది. పక్క ముళ్ల గూడు దగ్గరా ఇంతే. అక్కడ ముళ్లు వంపు తిరిగి ఉంటాయి, కత్తి కూడా ఆ వంపు తిరగాలి.

చాలామంది ఉక్కు మెత్తనైతే కత్తి వంగుతుందని, గట్టిదైతే వంగదని అనుకుంటారు. నిజానికి ఎంత వంగుతుందన్నది ఉక్కు గట్టిదనం కంటే మందం మీద, పొడవు మీద ఆధారపడుతుంది. ఇది ఇంజినీరింగ్‌ మొదటి పాఠాల్లోనిదే. మందం సగమైతే అంతే బలానికి కత్తి 8 రెట్లు ఎక్కువ వంగుతుంది. పొడవు ఒకటిన్నర రెట్లయితే వంపు 3 రెట్లు దాటుతుంది. అంటే ఒకే మందంతో చేసిన 6 అంగుళాల కత్తి గట్టిగా అనిపిస్తే, 9 అంగుళాలది ఊగిపోవచ్చు. పెట్టె మీద ‘ఫ్లెక్సిబుల్‌’ అని రాసి ఉన్నంత మాత్రాన రెండు కత్తులు ఒకేలా వంగవు. మరి ఉక్కు గట్టిదనం చేసే పనేంటి? వంగిన కత్తి తిరిగి తిన్నగా వస్తుందా, వంకరగా ఉండిపోతుందా, పదును ఎన్నాళ్లు నిలుస్తుంది, ముల్లు తగిలితే పెచ్చు లేస్తుందా అన్నవి దానివల్ల తేలతాయి.

దుకాణంలో ఇది చూడటం తేలికే. కత్తి కొసను చెక్క మీద ఆనించి, పిడిని మెల్లగా నొక్కాలి. 7, 8 అంగుళాల కత్తి అంగుళం దాకా హాయిగా వంగి, వదలగానే గీత గీసినట్టు తిన్నగా రావాలి. వంపు కత్తి పొడవునా సాగాలి తప్ప పిడి మొదట్లో ఒక్కచోటే మడత పడినట్టు ఉండకూడదు. అలా ఒక్కచోట వంగేది అక్కడే ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది.

సరస్సుల దేశం, కొలిముల ఊరు

ఈ కత్తికి ప్రపంచమంతా పేరు తెచ్చినవాళ్లలో ముఖ్యులు ఫిన్లాండ్‌ వాళ్లు. అక్కడి పైయాన్నె సరస్సులో చేపలు పట్టి బతికిన లౌరీ రపాల అనే జాలరి 1936లో బెండుతో ఓ చిన్న ఎర చేప చెక్కాడు. చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో చెక్కి, చాక్లెట్ల మీది తగరపు కాగితం చుట్టి, పాత ఫొటో ఫిల్ములు కరిగించి పూత పూశాడు. గాయపడిన చిన్న చేపలా అది నీళ్లలో తడబడుతూ కదిలేది. అమెరికాలోని మినియాపొలిస్‌కు చెందిన రాన్‌ వెబర్‌, రే ఆస్ట్రమ్‌ దాన్ని దిగుమతి చేసుకున్నారు. 1962 ఆగస్టులో ‘లైఫ్‌’ పత్రిక దాని మీద కథనం వేసింది. మార్లిన్‌ మన్రో మరణం తర్వాత ఆమె ముఖచిత్రంతో వచ్చిన సంచిక అది, విపరీతంగా అమ్ముడుపోయింది. రపాల పేరు కూడా ఆ సంచికతోపాటు ఇంటింటికీ చేరింది.

ఎరతో పట్టిన చేపను కోయాలి కదా. 1960ల్లోనే రపాల పేరుతో ఫిల్లెట్‌ కత్తి బజారుకొచ్చింది. చేసింది ఆర్కిటిక్‌ వలయం అంచున ఉండే రోవానియెమి పట్టణంలో, 1928లో యన్నె మార్తీని పెట్టిన కత్తుల కార్ఖానా. సన్నటి ఉక్కు, భోజపత్ర చెట్టు జాతికి చెందిన బిర్చ్‌ కలపతో పిడి, తోలు ఒర. ఆడంబరం ఏమీ లేని ఈ కత్తి నమూనా ఇప్పటికీ పెద్ద మార్పు లేకుండా అమ్ముడవుతోంది. అమెరికా సరస్సుల దగ్గర లైసెన్సు తీసుకుని వారాంతాల్లో గాలం వేసే తెలుగువాళ్లకూ ఇది బాగా తెలిసిన కత్తే. అక్కడ కొందరు కరెంటుతో నడిచే ఫిల్లెట్‌ కత్తులూ వాడతారు. బుట్టెడు చేపలు ఒక్కసారి కోసేవారికి అవి పనికొస్తాయి గానీ ఇంట్లో రెండు చేపలకు ఆ హంగామా అక్కర్లేదు.

జపాన్‌ దారి పూర్తిగా వేరు. ఒసాకా పక్కనున్న సకాయ్‌ పట్టణంలో 16వ శతాబ్దంలో పొగాకు ఆకు తరిగే కత్తుల తయారీ మొదలైంది. ఆ పనితనమే తర్వాత వంటింటి కత్తులకు మళ్లింది. ఆ తర్వాతి ఎడో పాలనాకాలంలో పుట్టిన ‘దెబా’ కత్తి చూడటానికి ఫిల్లెట్‌ కత్తికి బద్ధవిరోధిలా ఉంటుంది. వీపు మందం, బరువు ఎక్కువ, ఏమాత్రం వంగదు. పదును ఒక్కవైపే ఉంటుంది. దాంతోనే తల తీస్తారు, దాంతోనే చేపను మూడు భాగాలు చేస్తారు. రెండు పక్కల మాంసం రెండు, మధ్యలో ముల్లు ఒకటి. దీన్ని ‘సన్‌మై ఒరొషి’ అంటారు. వంగని కత్తితో ముల్లును ఎలా తడుముతారు? ఒకవైపు చదునుగా ఉండటంలోనే కిటుకు ఉంది. ఆ చదును పక్క ముల్లుకు ఆని జారుతుంది. చేతి వాటం, వేళ్ల సున్నితం వంపు పని చేస్తాయి. అయితే అది ఏళ్ల సాధన అడిగే కత్తి. పైగా కుడిచేతి వాటానికి చేసింది ఎడమచేతి వాళ్లకు పనికిరాదు, వాళ్లకు వేరేగా చేయించాల్సిందే. ముచ్చటపడి మొదటి కత్తిగా దెబా కొనుక్కోవద్దని గట్టిగా చెప్పాలి.

ఇక జర్మనీలోని జోలింగెన్‌, స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్‌, అమెరికాలోని సౌత్‌బ్రిడ్జ్‌ ఊళ్లది మరో ధోరణి. జోలింగెన్‌ పేరు ఎవరు పడితే వాళ్లు కత్తుల మీద చెక్కకూడదని 1938లోనే చట్టం వచ్చింది. ఇబాఖ్‌లో 1884లో మొదలైన విక్టోరినాక్స్‌, సౌత్‌బ్రిడ్జ్‌లో 1818 నాటి మూలాలున్న డెక్స్టర్‌ రస్సెల్‌ చేపలు, మాంసం కోసే కర్మాగారాల కోసం ప్లాస్టిక్‌ పిడుల కత్తులు చేస్తాయి. రోజంతా వందల చేపలు కోసే కూలీల చేతికి ఉద్దేశించినవి కాబట్టి అందం చూడరు. పిడి జారకూడదు, నీళ్లు పీల్చకూడదు, అంచు త్వరగా సాన పట్టుకోవాలి. నిజానికి మన ఇళ్లకు తగినవి ఈ పనివాళ్ల కత్తులే.

ఉక్కు మీద ఉప్పు

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో 12.8 శాతం క్రోమియం కలిపి పోసిన ఉక్కు తుప్పు పట్టకుండా నిలిచింది. అప్పటిదాకా చేప కోసిన ఇనుప కత్తి వాసన, మరక, తుప్పు అన్నీ మోసేది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. కానీ ఉప్పు దాని శత్రువు. ఉప్పులోని క్లోరైడ్‌ ఆ పొరకు అక్కడక్కడా చిల్లులు పొడుస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో సముద్రపు చేప కోసి, కడగకుండా రాత్రంతా వదిలేసిన ‘స్టెయిన్‌లెస్‌’ కత్తి మీద పొద్దున్నే సూది మొన అంత నల్లటి చుక్కలు కనిపించేది అందుకే.

కత్తి ఉక్కులో కర్బనం పెరిగితే గట్టిదనం పెరుగుతుంది, పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. నిజామాబాద్‌ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. అలాంటి మూస ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉండేది. ఖడ్గాలకు అది గొప్పే. ఫిల్లెట్‌ కత్తికి అంత అక్కర్లేదు. ఐరోపా కంపెనీలు ఎక్కువగా వాడే ఉక్కులో కర్బనం అర శాతం, క్రోమియం 15 శాతం దాకా ఉంటాయి. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్‌ ‘సి’ కొలమానం మీద ఫిల్లెట్‌ కత్తులు సాధారణంగా 54 నుంచి 58 మధ్య ఉంటాయి. జపాన్‌ కర్బన ఉక్కు కత్తులు 60 దాటతాయి, అవి క్షవరం చేసేంత వాడి, కానీ పక్కకు వంచితే పెచ్చు లేస్తాయి. ప్రకటనల్లో 62, 63 అని గొప్పగా చెప్పుకునే ఫిల్లెట్‌ కత్తిని చూసి మురిసిపోవద్దు. ఇంట్లో సానరాయి మీద దాన్ని తిరిగి పదును పెట్టడం మామూలు చేతులకు కష్టం.

అలల గీతలు మెరిసే ‘డమాస్కస్‌’ కత్తుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చవగ్గా దొరికే చాలా వాటి మీది గీతలు లేజర్‌తో అచ్చు వేసినవి. అసలైన పొరలకు, కోతకు ఏ సంబంధమూ లేని ముస్తాబు అది.

మన ఊళ్ల కమ్మరి కొలిమిలో లారీ కమాను పట్టీలతో చేసే కత్తుల సంగతీ చెప్పుకోవాలి. ఆ ఉక్కు మంచిది. దెబ్బకు తట్టుకుంటుంది, పదును పడుతుంది. తల చీల్చడానికి, ముక్కలు కొట్టడానికి దాన్ని మించింది లేదు. తుప్పు పడుతుంది కాబట్టి వాడిన వెంటనే తుడిచి నూనె చుక్క రాయాలి. కానీ ఆ కత్తులు మందంగానే వస్తాయి. వాటిని ఫిల్లెట్‌ పనికి పెట్టడం కత్తికీ చేపకూ అన్యాయమే.

పిడి పట్టి చూడాలి

చేప జిగురు, నీళ్లు, నూనె. ఈ మూడింటి మధ్య చెయ్యి జారితే గాయమే. అందుకే కొనేముందు చెయ్యి తడి చేసుకుని పిడి పట్టుకుని చూడాలి. దుకాణదారు వింతగా చూసినా ఫరవాలేదు. పిడి ముందు భాగంలో వేలు అంచు మీదకు జారకుండా ఆపే చిన్న అడ్డు ఉండాలి. పిడి పిడికిలి నిండా రావాలి, కానీ చిన్న చేతులవాళ్లు పెద్ద పిడి పట్టుకుంటే మణికట్టు త్వరగా నొప్పెడుతుంది. కలప పిడి చూడముచ్చట. కానీ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పగుళ్లలో చేప వాసన, క్రిములు చేరతాయి. రోజూ వాడే ఇంటికి గరుకు ప్లాస్టిక్‌ లేదా రబ్బరు పిడే సుఖం. ఉక్కు పిడిలోకి ఎంత దూరం వెళ్లిందో అడగాలి. పిడి చివరిదాకా వెళ్లింది ఊగులాడదు.

అంచును కంటి ఎత్తున పట్టుకుని, దూలం తిన్నగా ఉందో లేదో వడ్రంగి చూసినట్టు చూడాలి. వంకర ఉంటే వద్దు. వీపు మందం పిడి దగ్గర 2 మిల్లీమీటర్లు దాటితే ఆలోచించాలి. కొస వెడల్పుగా, మొద్దుగా ఉంటే చేప కడుపులోకి దిగదు. వెడల్పాటి కత్తి ముల్లు దగ్గర తిరగదు.

పదును ఎలా ఉందో కాగితం మీద కాదు, బాగా పండిన టమాటా తోలు మీద చూడాలి. బరువు పెట్టకుండా లాగితే తోలు తెగాలి.

సానబండి దగ్గరికి వద్దు

ఎంత మంచి కత్తయినా నాలుగు చేపలకు అంచు అలిసిపోతుంది. నిజానికి చాలాసార్లు అంచు అరిగిపోదు, కంటికి కనపడనంతగా ఒక పక్కకు మడత పడుతుంది. ఉక్కు కడ్డీ మీద రెండు పక్కలా అయిదారుసార్లు మెల్లగా లాగితే మడత నిలబడుతుంది. అప్పటికీ టమాటా తెగకపోతే సానరాయి. 1000 నంబరు రాయి ఇంటికి చాలు. మరీ నునుపు కావాలనుకుంటే పైన 3000ది. అంచును ఒక్కో పక్కా 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టుకుని, ఆ వాలు మారకుండా, రాయి తడి ఆరకుండా రుద్దాలి. ఒక పక్క రుద్దుతుంటే రెండో పక్కన వేలికి చిన్న గరుకు తగులుతుంది. ఆ గరుకు కత్తి పొడవునా వచ్చిందంటే ఆ పక్క పని అయినట్టే.

వీధుల్లో సైకిలు తొక్కుతూ చక్రం తిప్పి సాన పట్టేవాళ్ల దగ్గర కత్తిపీట, కొడవలి పదును పెట్టించుకోవచ్చు. ఫిల్లెట్‌ కత్తికి మాత్రం అది ప్రమాదం. పలచటి అంచు పొడి చక్రం మీద క్షణాల్లో కాలిపోతుంది. అంచున నీలిరంగు కనిపించిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది, మళ్లీ ఎంత రుద్దినా పదును నిలవదు.

వాడాక గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, గాలికి ఆరనివ్వాలి. గిన్నెలు కడిగే యంత్రంలో వెయ్యకూడదు. తోలు ఒరలో తడి నిలుస్తుంది, కాబట్టి దాన్ని మోసుకెళ్లడానికే వాడి, ఇంట్లో కత్తిని బయట పెట్టాలి.

వేళ్లు, గాయాలు

మొద్దు కత్తి పదునైన కత్తి కంటే ఎక్కువ గాయపరుస్తుంది. బలం పెట్టాల్సి వస్తుంది, బలం పెడితే జారుతుంది. చెక్క కింద తడి గుడ్డ పరిస్తే చెక్క కదలదు. చేపను పట్టుకునే చేతికి కోత తగలని గ్లవ్‌ వేసుకోవడం మంచిది. జెల్ల లాంటి చేపల రెక్కల దగ్గరి ముళ్లు గుచ్చుకుంటే నొప్పి గంటల తరబడి వదలదు. ముందే వాటిని కత్తిరించేయాలి.

చేప కోస్తూ అయిన చిన్న గాయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చేపల పని చేసేవాళ్ల వేళ్లకు వచ్చే ఎరిసిపెలాయిడ్‌ అనే ఎర్రటి, మంటపుట్టే వాపు వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిందే. సముద్రపు నీళ్లలో ఉండే విబ్రియో వల్నిఫికస్‌ అనే బ్యాక్టీరియా గాయంలోకి వెళ్తే ముఖ్యంగా కాలేయ జబ్బులున్నవారికి ప్రాణాపాయం. మధుమేహం ఉన్నవారూ జాగ్రత్త పడాలి. గాయాన్ని సబ్బుతో కడిగి, వాపు పాకుతుంటేనో జ్వరం వస్తేనో వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ధనుర్వాతం టీకా గడువు దాటకుండా చూసుకోవాలి.

కోసే సమయానికీ ఓ లెక్క ఉంది. ప్రాణం పోయిన కొన్ని గంటలకు చేప కట్టెలా బిగుసుకుంటుంది. ఆ దశలో బలవంతంగా వంచి కోస్తే మాంసం పొరలు విడిపోతాయి. బిగుసుకోకముందే కోయాలి, లేదంటే మంచులో ఉంచి మళ్లీ సడలేదాకా ఆగాలి. ఎలాగైనా కోసే ముందు అరగంట మంచులో పెడితే మాంసం గట్టిపడి కత్తికి ఎదురు తిరగకుండా తెగుతుంది.

చివరగా, డబ్బు లెక్క. కిలో తిలాపియా ఒలిస్తే ముల్లు, తోలు లేని మాంసం మూడో వంతే వస్తుంది, అంటే 330 గ్రాములకు అటూ ఇటూ. మొద్దు కత్తి ముల్లు మీద 50 గ్రాములు వదిలేస్తే వచ్చేదాంట్లో ఆరో వంతుకు దగ్గరగా పోయినట్టే. మంచి కత్తి ఖరీదు ఇలా మెల్లగా తిరిగొస్తుంది. అలాగని ఆ మిగతా 670 గ్రాములూ చెత్తబుట్టకు పోవాల్సినవి కావు. మొప్పలు తీసేసి, చేదు సంచి పగలకుండా చూసుకుని, తలను కత్తిపీట మీద రెండుగా చీల్చి, ముల్లుతో కలిపి చింతపండు పులుసు పెట్టుకోవచ్చు. మొప్పలు ఉండిపోతే మాత్రం పులుసు చేదెక్కుతుంది. చేప పెద్దదైతే పులుసులో వేసే ముందు వెన్నుముల్లు మీద అంటుకున్న మాంసాన్ని చెంచాతో గీరితే పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి చేసే పొరటుకు సరిపడా వస్తుంది.